పరదేశపు వేటచేపలును స్వదేశపు చేపల నడవడియు



చెఱువుగట్టున కదలక కూర్చుండి ఒడ్డునీటిని చూచినవారికి ఒక సంగతి తెలియును. పరిగెపిల్లలు గుంపుగూడి మేయుచుండగా మనిషినీడ నీటిపై పడినయెడల గుంపంతయు ఒక్కపెట్టున మరలి లోతునకు పోవును. నాచుక్రింద పొంచియున్న కొఱ్ఱమట్ట మెల్లగా కదలినయెడల పరిగెలు ఒండొంటికి చేరువై, ఒకే దేహమువలె ప్రక్కకు జరుగును. ఈ విద్య లేనిచో పరిగెజాతి మన చెఱువులలో ఇంతకాలము నిలిచియుండెడిది కాదు.

ఇప్పుడు మనము విచారింపవలసిన ప్రశ్న యిది. తమ పూర్వతరములు ఎన్నడును ఎఱుగని వేటచేపను ఎవరో దూరదేశమునుండి తెచ్చి ఆ నీటిలో విడిచినచో, ఈ పాత విద్య చేపలకు అక్కఱకు వచ్చునా? రాకున్నచో అవి క్రొత్త విద్యను నేర్చుకొనగలవా? నేర్చుకొనుటకు వానికి తగిన గడువు దొరకునా? ఈ ప్రశ్నలకు జంతుశాస్త్రజ్ఞులు కొన్ని చక్కని ప్రత్యుత్తరములు సంపాదించియున్నారు. వానిని ఇచట క్రమముగా చెప్పుదుము. ఇది పరీక్షకొఱకు మాత్రమే చదువవలసిన పాఠము కాదు. ఇంట గాజుతొట్టిలో పెంచిన చేపను ఊరి చెఱువులో విడువవచ్చునా, కూడదా యను నిత్యవ్యవహారము కూడ ఇందులో ఇమిడియున్నది.

1. అపాయమును చేప యెట్లు గుర్తించును?

చేపకు అపాయము తెలియుటకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. మొదటిది చూపు. రెండవది వాసన; నీటిలో కరగిన పదార్థములను చేప తన ముక్కురంధ్రములచే గ్రహించును. మూడవది పార్శ్వరేఖ. చేపను చేతబట్టి చూచినచో దాని ప్రక్కలయందు తలనుండి తోకవఱకు పోవు సన్ననిగీత కానవచ్చును. దీనిచే చేప నీటి కదలికను తెలిసికొనును. కాఱుచీకటియందు సయితము దగ్గఱకు వచ్చునది యేదో కలదని దానికి దీనివలన తెలియును.

వాసననుగూర్చిన ఒక విశేషమును ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితుడు 1938వ సంవత్సరమున ప్రకటించెను. తేనెటీగల నడవడిని పరిశోధించి 1973లో నోబెలు బహుమానమును మఱి యిద్దఱితో పంచుకొనిన మహనీయుడు ఈయనయే. ఐరోపాలోని యేళ్లలో మన పరిగెలవలె మందలుగా తిరుగు మిన్నో అను చిన్నచేప కలదు. గాయపడిన మిన్నో యొకటి గుంపులో చేరగా మిగిలినవి బెదరి పారిపోవుటను ఈయన గమనించెను. పిమ్మట పరీక్షలుచేసి, గాయపడిన చేప చర్మమునుండి ఒక పదార్థము నీటిలో కలియుచున్నదనియు, దాని వాసనయే తక్కిన చేపలకు హెచ్చరిక యగుచున్నదనియు నిర్ణయించెను. చర్మము చినిగినపుడే ఈ పదార్థము వెలువడును. కావున అది నీటిలో నున్నదనగా సమీపమున ఎవరో వేటాడుచున్నారనియే అర్థము. బొచ్చె, శీలావతి, పరిగె, జెల్ల మొదలగు మన చేపలు కూడ మిన్నో చేరిన మహావంశమునకే చెందినవి. ఈ వంశమునందు ఇట్టి హెచ్చరిక విస్తారముగా కానవచ్చుచున్నది.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. పైకు అనునది ఐరోపాలోని క్రూరమైన వేటచేప. పైకును ఎన్నడును చూడని మిన్నోలకు దాని వాసనను మాత్రము చూపినచో అవి అంతగా భయపడవు. పైకు వాసనతోపాటు గాయపడిన చర్మపువాసనను కలిపి చూపినచో అవి బెదరును. తరువాత పైకు వాసన ఒక్కటియే తగిలినను అవి జాగ్రత్తపడును. ఒక్క పాఠముతో శత్రువును గుర్తించుట వానికి అలవడినది! అమెరికాలోని మిన్నోలకు ఇట్లే బంగారుచేపను చూపి పరీక్షించిరి. చర్మపువాసనతో కలిపి చూపినందున వానికి హాని చేయని బంగారుచేపయు శత్రువుగానే తోచెను. దీనివలన మనకు తెలియున దేమనగా, ఏది శత్రువో అన్నియు పుట్టుకతో రావు. కొంత చూచి నేర్చుకొనవలసియుండును.

గుంపులోని చేపలు ఇంకొక సాహసము చేయును. పొంచియున్న వేటచేపను కనుగొన్నపుడు ఒకటి రెండు చేపలు గుంపును విడిచి దానివైపు కొంచెము దూరముపోయి, నిలిచి, చూచి, మరల గుంపును చేరును. అది ఆకలిగొనియున్నదా, ఊరక యున్నదా అని తెలిసికొనుటకే ఈ గూఢచారి వర్తనమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

నేర్చుకొనుట ఇట్లుండగా, పుట్టుకతో వచ్చు భాగమును కలదు. ట్రినిడాడు ద్వీపపు కొండయేళ్లలో గప్పీ అను చిన్నచేపలు కలవు. పెద్ద వేటచేపలున్న దిగువభాగములలో గప్పీలు దట్టముగా గుంపుగూడి తిరుగును. జలపాతములకు ఎగువన, అట్టి వేటచేపలు లేనిచోట, అవి విడివిడిగా తిరుగును. రెండుచోట్లనుండియు చేపలను తెచ్చి తొట్లలో పిల్లలను పెంచి చూచినను ఆ భేదము నశింపలేదు. అనగా తరతరములుగా వేటకు గుఱియైన కులమున జాగ్రత్త రక్తగతమైనది. అయితే అట్లగుటకు అనేక తరములు పట్టును.

2. భయమునకు చెల్లించు మూల్యము

వేటచేప యొక చేపను మ్రింగిన నష్టము కంటికి కనబడును. మ్రింగని చేపకు కలుగు నష్టము కంటికి కనబడదు. దాగియున్న చేప మేయజాలదు. రాతిసందున నక్కినది నక్కినట్లే యుండినచో శత్రువు నోటినుండి తప్పించుకొనును గాని కడుపు నిండదు. పగలు మేయవలసినది రాత్రి మేసినను, మేత విస్తారముగా నున్నచోటును విడిచి చాలీచాలని చోట మేసినను, దేహము మెల్లగా పెరుగును. దేహము చిన్నదైనచో గ్రుడ్లును తక్కువగును. ఇట్లు ఒక్క చేపను చంపకయే వేటచేప ఒక జాతిని క్షీణింపజేయగలదు. కాబట్టి భయము మిక్కుటమైనను నష్టమే, లేకున్నను నష్టమే. పాతశత్రువు విషయమున ఎంత భయపడవలయునో స్వదేశపు చేపకు తెలియును. క్రొత్తశత్రువు విషయమున ఆ కొలత దానికి తెలియదు.

3. న్యూజీలాండు కథ

పైన చెప్పినదానికి ప్రత్యక్షనిదర్శనము న్యూజీలాండు దేశమున కలదు. ఆ దేశపు యేళ్లలో గెలాక్సియసు అను చేపలు నివసించుచున్నవి. వానికి పొలుసులు లేవు. చర్మము నున్నగా నుండును. వానిలో మొదట పేరు పొందిన జాతి దేహముపై బంగారుచుక్కలుండుటవలన, ఆకాశమునందలి పాలవెల్లికి గల గ్రీకు నామమునుబట్టి ఆ పేరు వచ్చెను. వానికి పూర్వకాలపు శత్రువులు ఆ దేశపు మలుగుచేపలును, నీటిపక్షులును. మలుగుచేప ముఖ్యముగా రాత్రివేళ వాసననుబట్టి వేటాడును.

ఆంగ్లేయులు ఆ దేశమున స్థిరపడిన పిమ్మట తమ జన్మభూమిలో గాలమువేసి పట్టెడి ట్రౌటు చేప అచ్చట లేదని చింతించిరి. దక్షిణార్ధగోళమున ఎచ్చటను ఆ వంశపు చేప స్వతస్సిద్ధముగా లేదు. 1864లో నార్‌ఫోక్ అను ఓడపై ట్రౌటు గ్రుడ్లను నాచులో పొదిగి, మంచుగడ్డలనడుమ భద్రపఱచి, ఇంగ్లండునుండి టాస్మానియాకు చేర్చిరి. అచ్చట వృద్ధియైన చేపల గ్రుడ్లను 1867లో న్యూజీలాండునకు తెచ్చిరి. వారు దురుద్దేశముతో చేసినపని కాదిది. తమకు ప్రియమైనదానిని క్రొత్తదేశమున చూడగోరిరి, అంతే. ట్రౌటు చల్లని ఆ నీటిలో బాగుగా వర్ధిల్లెను.

ట్రౌటు పగటివేళ చూపునుబట్టి వేటాడును. ప్రవాహమునకు ఎదురుగా నిలిచి, కొట్టుకొనివచ్చు పురుగులను పట్టుకొనును. పెద్ద ట్రౌటు చిన్న గెలాక్సియసు చేపలను మ్రింగును. మంచి మేతస్థలములను తానే ఆక్రమించును. గెలాక్సియసు అంతగా మేతలేని తావులకు తొలగిపోవును. మలుగుచేపనుండి కాపాడిన పాత అలవాట్లు పగటివేటకానియెదుట చాలవయ్యెను.

ఒటాగో ప్రాంతమునందలి టైయరీ నదియొక్క ఉపనదులలో 198 స్థలములను పరీక్షించి టౌన్‌సెండు, క్రౌలు అను శాస్త్రజ్ఞులు 1991లో తమ ఫలితములను ప్రకటించిరి. ట్రౌటును గెలాక్సియసును ఒకేచోట కలిసియుండుట అరుదు. గెలాక్సియసు మాత్రమే యున్న స్థలములు తఱచుగా పెద్ద జలపాతములకు ఎగువన నుండెను. ట్రౌటు ఆ జలపాతముల నెక్కజాలదు. ఒకప్పుడు నదియంతట వ్యాపించియుండిన చేప యిప్పుడు కొండకొనలలో విడివిడి ముక్కలై మిగిలినది. వాగు ఎండినను, వరదవచ్చినను, ఒక ముక్కలోని చేపలకు వేఱొక ముక్కనుండి సహాయము రాదు.

ఈ మార్పు చేపలతో ఆగలేదు. ఆ యేళ్లలోని ఱాళ్లపై పెరుగు పాచిని మేఫ్లై అను కీటకముల పిల్లలు మేయును. గెలాక్సియసు రాత్రింబవళ్లు మేయునదిగాన, ఆ చేపయున్న వాగులలో ఈ పురుగులు పగలును రాత్రియు ఱాళ్లపైకి వచ్చుచుండెను. ట్రౌటు ఉన్న వాగులలో అవి పగలంతయు ఱాళ్లక్రింద దాగి, చీకటిపడిన తరువాతనే పైకి వచ్చుచుండెను. మేయుట తగ్గినందున ఱాళ్లపై పాచి హెచ్చుగా పెరిగెను. చూచితిరా! ఒక క్రొత్త చేప వచ్చినందున చేపల కాపురమే కాక, పురుగుల దినచర్యయు, తుదకు ఱాతిమీది పాచియు మాఱిపోయినవి.

4. చోటు దొరకిన చేప బ్రదుకును

ఇన్ని కష్టములనడుమ కొన్ని స్వదేశపు చేపలు బ్రదికియుండుటకు కారణమేమి? తఱచుగా దానికి కారణము శత్రువు చేరలేని చోటు దొరకుటయే.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సును చూతము. 1950వ సంవత్సరమునకు పిమ్మటి దశాబ్దములో ఆ సరస్సున నైలు పెర్చి అను మహాకాయమగు వేటచేపను విడిచిరి. కొంతకాలము అది అంతగా కనబడలేదు. 1980 ప్రాంతమున అది విపరీతముగా వృద్ధినొందెను. ఆ సరస్సునందు తప్ప వేఱెచ్చటను లేని చిన్న సిక్లిడు చేపలలో సుమారు 200 జాతులు కనుమఱుగయ్యెననియో, మిక్కిలి అరుదయ్యెననియో శాస్త్రజ్ఞులు లెక్కించిరి. కలుషితమైన నీరును, మితిమీఱిన వేటయు ఇందుకు తోడ్పడినవి. అయినను బండల సందులలో నివసించు జాతులు కొన్ని నిలిచినవి. సరస్సు అంచులందలి జమ్ముపొదలలో నీటియందు ప్రాణవాయువు తక్కువ. నైలు పెర్చి అట్టి నీటిని సహింపలేదు. కొన్ని చిన్నచేపలు సహింపగలవు. విక్టోరియా చెంతనున్న నబుగాబో సరస్సునందు ఇట్టి పొదలే స్వదేశపు చేపలకు కోటలైనవి. ఊపిరాడని చోటనే వానికి ప్రాణరక్షణ దొరకెను!

టాస్మానియాలోని పెడ్డర్ సరస్సు కథ మఱియొకటి. 1972లో విద్యుచ్ఛక్తికొఱకు కట్టిన ఆనకట్టలవలన ఆ సరస్సు మునిగి, విశాలజలాశయమయ్యెను. ట్రౌటును, వేఱొక గెలాక్సియసు జాతియు అందు ప్రవేశించెను. ఆ సరస్సునకే పరిమితమైయుండిన పెడ్డర్ గెలాక్సియసు తన పుట్టినచోట నశించెను. ముందుచూపుగల కొందఱు ట్రౌటు లేని ఓబెరాన్ అను కొండసరస్సునకు కొన్నిటిని చేర్చియుండుటచే ఆ జాతి భూమిమీద మిగిలినది. న్యూజీలాండునందును ఇప్పుడు కొన్ని వాగులకు అడ్డుగా చిన్న కట్టలు నిర్మించి, ఎగువనున్న ట్రౌటును తొలగించి, స్వదేశపు చేపలను కాపాడుచున్నారు.

వీనివలన మనము గ్రహింపవలసినది యేమి? చేప నేర్చుకొనగలదు, నిజమే. కాని చచ్చిన చేప నేర్చుకొనదు. నేర్చుకొనుటకు మొదట బ్రదికియుండవలయును. బ్రదికియుండుటకు దాగుకొనుచోటు వలయును. నేర్చిన జాగ్రత్త కులమంతటికి పుట్టువిద్య యగుటకు తరములు గడువవలయును. మనుష్యుడు క్రొత్త చేపను విడుచుటకు ఒక్క నిమిషము చాలును.

5. మన నీళ్ల సంగతి

ఇవియన్నియు పరదేశముల కథలని తలంపకుడు. అమెరికాకు చెందిన గంబూషియా అను అంగుళము రెండంగుళముల చేపను దోమపిల్లలను తినుటకై 1928లో మన దేశమునకు తెచ్చిరి. నేటికిని మన పట్టణములలో దోమల నివారణకై దానిని కుంటలలో విడుచుచున్నారు. అది చిన్నదైనను, వేటచేపయే. దోమపిల్లలను తినును గాని వానితోనే ఆగదు. ఇతర చేపల పిల్లలను, కప్పపిల్లలను తినును. తనకంటె పెద్దచేపల రెక్కలను కొఱుకును. ఆస్ట్రేలియా మొదలగు దేశములలో దీనివలన స్వదేశపు చిన్నచేపలకు హాని కలిగెను. మన కాలువలలో నెత్తిపై వెండిచుక్క గల చిన్నచేప యొకటి నీటిపైభాగమున తిరుగుచుండును. అదియు దోమపిల్లలను తినునదే; అది యీ నేలకు చెందినది. ఇంటిదానిని మఱచి పొరుగుదానిని పిలుచుటకు ముందు కొంచెము ఆలోచించుట మేలు.

ఆఫ్రికా దేశపు క్యాట్‌ఫిష్ అను మీసముల చేపను పెంచుటను భారతప్రభుత్వమువారు 2000వ సంవత్సరమున నిషేధించిరి. అది దొరకిన ప్రతిదానిని తినును, త్వరగా పెరుగును, తడినేలపై ప్రాకి ఒక గుంటనుండి వేఱొక గుంటకు పోగలదు. నిషేధమున్నను లాభముకొఱకు కొందఱు రహస్యముగా పెంచుటయు, అధికారులు వానిని నాశనము చేయుటయు మన తెలుగుజిల్లాలలో వార్తాపత్రికలు చదువువారికి తెలిసినదే. వానాకాలమున చెఱువు గట్టు తెగినచో, గుంటలోని చేప కాలువలోనికిని, కాలువనుండి ఏటిలోనికిని పోవుటకు ఎంతసేపు? అచ్చట దానికి ఎదురగు మన చిన్నచేపలకు కొఱ్ఱమట్టను, వాలుగను తప్పించుకొను విద్య తెలియును. ఆ విద్యయే యీ క్రొత్తదానికిని పూర్తిగా చాలునని మనము ధైర్యముతో చెప్పజాలము.

తల్లిదండ్రులకును ఒక మనవి. పిల్లలు ముచ్చటపడి కొనిన రంగుచేపలు పెరిగి తొట్టి చాలకపోయినపుడు, దయతలచి వానిని చెఱువులో విడుచుట కొన్ని యిండ్లలో జరుగుచున్నది. ఆ దయ ఒక చేపకు మేలు, వేయి చేపలకు కీడు కావచ్చును. అట్టి చేపను అమ్మిన దుకాణమునకు తిరిగి యిచ్చుటయో, పెంచగల వేఱొకరికి ఇచ్చుటయో మంచిది. తొట్టినీటిని సయితము కాలువలో పోయక చెట్ల మొదట పోయుడు. చెఱువంచున పెరుగు జమ్మును, నాచును చెత్తయని పూర్తిగా పెఱికివేయకుడు. అవి చేపపిల్లలకు కోటగోడలని ఇంతకుముందే తెలిసికొంటిమి.

6. విద్యార్థులు చేయదగిన పరిశీలనలు

ఈ క్రిందివాటిని పెద్దవారి తోడుతో, ఒడ్డుననే యుండి చేయవలయును. చేపలకు హాని చేయకూడదు.

(అ) ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఒకేచోట పావుగంటసేపు చూచి, చిన్నచేపలు ఏ వేళ ఒడ్డునకు వచ్చుచున్నవో పుస్తకమున వ్రాసికొనుడు.

(ఆ) కొంగ గాని, లకుముకిపిట్ట గాని వచ్చినపుడు గుంపు దట్టమగునా, చెదరునా? అది పోయిన పిమ్మట మరల మేతకు వచ్చుటకు ఎంతసేపు పట్టినది?

(ఇ) నాచున్నచోటను, నాచు లేనిచోటను చేపపిల్లల సంఖ్యను పోల్చిచూడుడు.

(ఈ) మీ గ్రామపు జాలరులను వినయముతో అడుగుడు: వారి చిన్ననాట వలలో పడిన చేపలలో ఇప్పుడు పడనివి యేవి? ఇప్పుడు పడుచున్నవానిలో అప్పుడు లేనివి యేవి? రెండు పట్టికలుగా వ్రాసి తెండు.

ఈ నాలుగవ ప్రశ్నకు వచ్చు సమాధానములు చాల విలువగలవి. పుస్తకములలో ఎక్కని చెఱువుల చరిత్ర వలవేయువారి జ్ఞాపకమునందే యున్నది. పట్టికలను తెచ్చినవారి వ్రాతలను తరగతిలో కలిపి చదివి, మన ప్రాంతపు నీళ్లలో ఎవరు పాతకాపులో, ఎవరు క్రొత్తగా వచ్చినవారో మనమే తెలిసికొందము.